క్రైస్తవ కథ అంటే డిసెంబరు నెలేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

డిసెంబరు మొదటి వారంలో ఆదివారం అనుబంధాల నుంచి మాలాంటి క్రైస్తవ కథకులకు కబురొస్తుంది: “క్రిస్మస్ మీద ఒక కథ కావాలండి, వెయ్యి మాటలు దాటకుండా, ఎల్లుండికల్లా.” మళ్లీ డిసెంబరు వచ్చేదాకా చర్చికి వెళ్లే మనిషి ఏ కథలోనూ కనబడడు. కనబడినా తెల్లటి అంగీ వేసుకున్న ఫాదరో, ఆసుపత్రి నర్సమ్మో. లండన్ మిషన్ వాళ్లు కడపలో అడుగుపెట్టింది 1822లో. ఇన్నేళ్ల సంఘాల బతుకు ఏడాదికి ఒక్క వారంలో ఇమడదు. పత్రికలు అడిగే తీరు గురించి చివర్న చెబుతాం. ముందు మా రాతల సంగతి.

మావైపు వచ్చే కథల్లో ముప్పాతిక వంతు ఒకే దారిన నడుస్తాయి. తాగుబోతు భర్త, మోకాళ్లూనిన భార్య, హైవే మీద ప్రమాదం, ఐసీయూ బయట పాస్టరుగారి ప్రార్థన, చివర్న భర్తకు మారుమనస్సు. భక్తి ఎక్కువై ఇలా వస్తున్నాయని బయటివాళ్లు అనుకుంటారు. అసలు కారణం చోటు. సంఘ పత్రికలో కథకు దొరికేది రెండు పేజీలు, అంటే ఎనిమిది వందల మాటలు. అడుగున బైబిలు వాక్యం ఒకటి వేయాలి. ఎనిమిది వందల మాటల్లో మనిషి తనంతట తాను మారడం చూపించలేం గనక లారీ వచ్చి గుద్దాల్సి వస్తుంది. పైగా మా చెవులు సాక్ష్యాలకు, అంటే దేవుడు తమను ఎలా మార్చాడో జనం లేచి చెప్పుకునే మాటలకు, అలవాటుపడినవి. పాపం, కష్టం, విడుదల అన్న వరస ప్రార్థన కూడికల్లో వినీ వినీ కథ కూడా అదే వరసలో దిగుతుంది. దీనికి మందు పొడవు పెంచడమొక్కటే కాదు, చివరి అర పేజీ కొట్టేయడం కూడా. బైబిలులో లూకా 15 చూడండి, తప్పిపోయిన కుమారుడి అన్న ఇంటి బయటే నిలబడి ఉంటాడు. తండ్రి బతిమాలాడు, వాడు లోపలికి వచ్చాడో లేదో రాయలేదు. ఆ అధ్యాయం అసంపూర్ణంగా ఉందని ఏ పెద్దా అభ్యంతరం చెప్పలేదు.

పెద్దల అభ్యంతరం ఇంకోటుంది: “కట్టుకథలు ఎందుకు, జరిగింది రాయండి.” రెండో తిమోతి 4:4లో కల్పనాకథల మాట చూపిస్తారు. నాతాను ప్రవక్త దావీదు రాజు ముందుకెళ్లి గొర్రెపిల్ల కథ చెప్పకపోతే రాజు తన తప్పుకు తానే తీర్పు చెప్పుకునేవాడు కాదు (2 సమూయేలు 12). జవాబు అంతే. దీనిమీద కమిటీ మీటింగులో గంటసేపు వాదించడం దండగ.

కథ ఎక్కువగా చెడేది సంభాషణ దగ్గర. మా ఇళ్లలో ఒకే మనిషి నోట రెండు తెలుగులు నడుస్తాయి. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో జేజి (నాయనమ్మ) కళ్లు మూసుకొని, “పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ సాయంకాలమున మేమందరము నీ పాదముల చెంత చేరియున్నాము” అంటుంది. ఆమేన్ అయిన మరుక్షణం, “రేయ్, స్టవ్వు కట్టేసినావా? పాలు పొంగిపోతాండాయి సూడు!” అంటుంది. రెండూ ఆమెవే. కొత్తగా రాసేవాళ్లు ప్రార్థనను వాడుకలోకి దించుతారు, లేదా ఇంటి మాటను పత్రికల తెలుగులోకి ఎత్తుతారు. ఎటు చేసినా జేజి పోయి ఎవరో టీచరమ్మ మిగులుతుంది. ప్రార్థన రాసేటప్పుడు పాత బైబిలు క్రియలు అలాగే ఉంచాలి, అయితే మూడు వాక్యాలు మించనివ్వకూడదు. నాలుగో వాక్యానికి పాఠకుడు కళ్లు దాటేస్తాడు.

ఏ సంఘమో ముందే తేల్చుకోవాలి. ‘చర్చి’ అని రాసి వదిలేస్తే లోపలి మనిషికి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. కర్నూలు బాప్టిస్టు కుటుంబంలో పసిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించకూడదు. అక్కడ బిడ్డను ప్రతిష్ఠ చేస్తారు, బాప్తిస్మం ఊహ తెలిశాక నీళ్లలో ముంచే. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పసిబిడ్డ నెత్తిన అయ్యగారు, అంటే పాస్టరు, నీళ్లు చల్లుతారు. కడప ఆరోగ్యమాత గుడికి వెళ్లే ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఇంట్లో దాన్నే జ్ఞానస్నానం అంటారు. ఆ ఇంటి ఫాదరుకు పెళ్లాం పిల్లలుండరు, సీఎస్ఐ అయ్యగారికి ఉంటారు. ఆయన బదిలీ అయితే పిల్లల బడి మారడం, పాస్టరమ్మ కుట్టుమిషను లారీకెక్కడం, కొత్త ఊళ్లో పాత బాకీలు, అన్నీ కథలే.

ఇక ఏడాది పొడవునా దొరికే సరుకు. మట్టల ఆదివారం ఉంది. శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన ఉంది, ఎండాకాలం, ఫ్యాన్లు తిరగని చర్చి. నవంబరు 2న సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు పెట్టే పండుగ ఉంది. వీటన్నిటికంటే కోతపండుగ గొప్పది. ఆరాధనలో పీఠం ముందు శెనక్కాయల మూట, గుమ్మడికాయలు, నాటుకోళ్లు, గుడ్ల బుట్ట, ఎవరో చేయించుకొచ్చిన కేకు పేరుస్తారు. ఆశీర్వాదం అయ్యాక వేలం. పాడుకున్న కోడిని పాడుకున్నవాడే మళ్లీ కానుకగా ఇచ్చేస్తాడు, అది మళ్లీ పాటకొస్తుంది. ఒకే కోడి మూడుసార్లు అమ్ముడుపోతుంది, కోశాధికారి పుస్తకంలో మూడు పద్దులు పడతాయి. చాలామంది డబ్బు అక్కడికక్కడే కట్టరు. పాట పాడేటప్పుడు గొంతు ఎవరిమీద లేచింది, బాకీ ఎన్ని ఆదివారాలు సాగింది, కట్టలేనివాడు చర్చికి రావడం ఎప్పుడు మానేశాడు: ఇందులో నవలకు సరిపడా ఉంది. నెల మాత్రం చూసుకోవాలి. మా మెట్ట పొలాల్లో శెనక్కాయ జూన్, జులైలో వేసి అక్టోబరు, నవంబరులో పీకుతారు. జమ్మలమడుగు నల్లరేగడిలో పప్పుశనగ చేతికొచ్చేది సంక్రాంతి దాటాకే. పీఠం ముందు ఏముందో రాస్తే ఏ ఊరు, ఏ నెల అన్నది చెప్పకుండానే చెప్పినట్టు.

రాయడానికి జంకే చోటు కులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు, వాళ్ల పిల్లలు బీసీ-సి కింద వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. అందుకే ఒక్కో ఇంట్లో బాప్తిస్మ రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఉంటాయి. ఇవేవీ పట్టించుకోకుండా పాస్టరుగారమ్మాయికి ఎస్సీ కోటాలో మెడిసిన్ సీటు ఇప్పించి దేవుడి మేలు అని ముగించే కథలు మేం చదివాం. అవి అబద్ధం మాత్రమే కాదు, ఆ ఇంట్లో జరిగే అసలు కథను దాచేస్తాయి.

వెనకటి కాలం రాయాలనుకునేవాళ్లు తేదీలు దగ్గర పెట్టుకోవాలి. వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి సీఎస్ఐ పుట్టింది 1947 సెప్టెంబరు 27న. కాబట్టి 1930 నాటి జమ్మలమడుగు కథలో సీఎస్ఐ బిషప్పు ఉండడు. అక్కడున్నది లండన్ మిషన్, ఆ సంఘాలకు బిషప్పులే లేరు. నంద్యాలవైపు ఆంగ్లికన్ మిషన్ గనక బిషప్పు ఉన్నాడు. ఆ నంద్యాల సంఘాలు చాలావరకు 1947లో సీఎస్ఐలో వెంటనే కలవలేదు, తర్వాత కలిశాయి. ఆ తగాదా మీద కథ రాసినవాళ్లు మాకు కనబడలేదు, ఎవరైనా రాయాలి. దత్తమండలాలు 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినా కర్నూలు 1839 దాకా నవాబుదే. అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపోయింది 1882లో, అంతకుముందటి కథలో ‘అనంతపురం జిల్లా కలెక్టరు’ను కూర్చోబెట్టకూడదు. 1876-78 కరువును మనవాళ్లు ధాత కరువన్నారు. దాన్ని అంతకు నలభై ఏళ్ల ముందటి డొక్కల కరువుతో కలిపేయకూడదు. ఎక్కడ వెతకాలంటే కడప యర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం, బెంగళూరులో యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవులు. లండన్ మిషన్ ఉత్తరాలు లండన్ సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి. అన్నిటికంటే దగ్గరున్నవి మీ పాస్టరేట్ బీరువాలోని బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు. చెదలు పట్టకముందే ఫోనుతో ఫొటోలు తీసిపెట్టుకోవాలి, అయ్యగారిని అడిగే.

బతికున్నవాళ్లను రాసేటప్పుడు పేరు మార్చితే చాలనుకోవద్దు. వంద కుటుంబాల సంఘంలో పేరు ఎవరూ చూడరు. ఎంతమంది పిల్లలు, ఏ కూతురు లేచిపోయింది, ఇంటి ముందు వేపచెట్టుందా, ఇవి చూస్తారు. వృత్తి మార్చాలి, పిల్లల లెక్క మార్చాలి, అమ్మ తరఫు గొడవను నాయన తరఫుకు తిప్పాలి, ఇద్దరు మనుషుల్ని ఒకరిగా కలపాలి. రాసేది పాస్టరుగారో పాస్టరమ్మో అయితే ఇంకో గీత ఉంది: ప్రార్థన కోసం వచ్చి చెప్పుకున్నది ఎన్ని మార్పులు చేసినా కథలో పెట్టకూడదు. చెప్పినామె గుర్తుపడుతుంది, ఇక ఏ ఇంట్లోనూ ఎవరూ నోరు విప్పరు.

రాసేవాళ్లు ఎక్కువమంది టీచర్లు, నర్సులు, క్లర్కులు. ఆదివారం పగలంతా చర్చికే సరి. డిసెంబరులో కథ అడిగేసరికి వాళ్లు కేరల్సు రౌండ్లలోనో, సండే స్కూల్ పిల్లల నాటిక రాయడంలోనో ఉంటారు. నాటికకు లెక్క వేరు. పదిమంది పిల్లలకు ఒకే మైకు గనక ఒక్కో డైలాగు ఏడెనిమిది మాటలు మించకూడదు. మైకు చేతులు మారే లోపల జనం మాట్లాడుకోవడం మొదలెడతారు. బాలయేసు దగ్గరికొచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి రాయలేదు, కానుకలే మూడు. ఆ సంగతి నాటిక చూడవచ్చిన పెద్దలకు చెప్పకపోవడమే మేలు.

ఇక పుస్తకం. క్రైస్తవ కథల టైపింగులో మిగతావాళ్లకు అంతగా లేని బెడద ఒకటుంది. మా పేర్లు పొల్లుతో ముగుస్తాయి: జాన్, డేవిడ్, రూత్. అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్‌లోకి మార్చగానే జాన్‌కి కాస్తా ‘జాన్కి’ అవుతుంది, డేవిడ్‌తో ‘డేవిడ్తో’ అవుతుంది. పొల్లుకూ విభక్తికీ నడుమ కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి పెట్టాలి, మార్పిడిలో అది పడదు. ఒక్కో పేరునూ వెతికి మార్చడమే దారి. లేదంటే ఊళ్లో పిలిచినట్టు జాను, డేవిడు, రూతమ్మ అని రాస్తే బెడదా ఉండదు, వినడానికీ బాగుంటుంది. డీటీపీలో పాత బైబిలు వాక్యాలను ‘సరిదిద్దే’ ఆపరేటర్లుంటారు. ప్రూఫులో వాక్యాలను ఒకసారి బైబిలు పక్కన పెట్టుకొని విడిగా చూడాలి.

డెమీ సైజు పేజీలో రెండు వందల పైచిలుకు మాటలు పడతాయి. ఒకే షీటు మీద అచ్చేసి మడిచే ఫారానికి పదహారు పేజీలు గనక 128 పేజీలంటే సరిగ్గా ఎనిమిది ఫారాలు. రెండు పేజీలు ఎక్కువైతే ఇంకో ఫారం ఖర్చు మీద పడుతుంది, అంతకంటే ఒక కథలో పేరా తగ్గించుకోవడం నయం. బైండింగువైపు అంచు ముప్పావు అంగుళమైనా వదలకపోతే అక్షరాలు మడతలోకి పోతాయి. ఐఎస్‌బీఎన్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దు. 70 జీఎస్‌ఎం కాగితం మీద ఆ పుస్తకం నూట యాభై గ్రాములు తూగుతుంది. పాత బుక్‌పోస్టు పోయాక 2025 మే నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను కాక. పుస్తకం ఒక్కటైతే ఆ లోపలే. రెండు పెడితే కవరుతో కలిపి పై శ్లాబులో పడుతుంది. పుస్తకాల షాపు కమీషను నూటికి ముప్పై, నలభై పోతుంది గనక అమ్మకమంతా రిట్రీట్ల దగ్గర బల్ల మీదే. ఆవిష్కరణ రోజు వేదిక మీదున్న వాళ్లందరికీ ఉచిత ప్రతులు పోగా మిగిలినవే అమ్మకానికి.

పత్రికలను మేం అడిగేవి చిన్నవి. క్రిస్మస్ కథ కావాలంటే అక్టోబరులో చెప్పండి. క్రిస్మస్ లేని క్రైస్తవ కథ వస్తే ‘సందర్భం లేదు’ అని పక్కన పెట్టకండి. కోతపండుగకూ, బదిలీకీ, పెళ్లి రిజిస్టరు తగాదాకూ వేరే సందర్భం అక్కర్లేదు. నిడివి 1500 మాటలదాకా ఇవ్వండి. కత్తిరించాల్సి వస్తే మధ్యలో ఎక్కడైనా కత్తిరించండి గానీ, చివర్న నీతి వాక్యం మీరు చేర్చకండి. వేసుకుంటారో లేదో నెలలోగా ఒక్క ముక్క మెయిల్ పెట్టండి. శుభ శుక్రవారం కోసం జనవరిలో పంపిన కథకు జూన్‌లో ‘పరిశీలనలో ఉంది’ అని జవాబొస్తే, దాన్ని ఇంకెక్కడికీ పంపే వీలుండదు.

ఇట్లు,
కథలు రాసే కొందరం,
కడప.