తడి, పొడి మళ్లీ కలిసేది ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లోనే

సంపాదకుల వారికి,

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిపాక, చెత్త ప్రస్తావన వస్తే చాలు మాట బండ్ల లెక్కల్లోకి పోతోంది. ఇంటింటి చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలు ఎన్ని కావాలి, చెత్తను నొక్కి మోసే కంపాక్టర్లు ఎన్ని కొనాలి అని. ముందు తేల్చాల్సింది ఆ ఆటో ఎక్కడ ఖాళీ అవుతోంది, అక్కడ, అంటే ఆటోల చెత్తను పెద్ద బండ్లలోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో, ఏం జరుగుతోంది అన్నది. 2015లో తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం డబ్బాలు ఇంటింటికీ పంచారు. జనం కొన్నాళ్లు వేరు చేసే ఇచ్చారు. రెండూ ఒకే బండిలో, ఒకే కుప్పగా పడటం కళ్లారా చూశాక మానేశారు. వాళ్లకు అవగాహన లేదంటూ సదస్సులు పెట్టడం దండగ.

ఆటో మధ్యలో రేకు అడ్డం పెడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. తడి చెత్తకు బరువు ఎక్కువ, పొడి చెత్తకు చోటు ఎక్కువ కావాలి. పది కిలోల అన్నం, కూరగాయల తొక్కలు ఒక బకెట్‌లో పడతాయి. అదే పది కిలోల సీసాలు, కవర్లు, అట్టపెట్టెలకు రెండు మూడు పెద్ద గోనెసంచులైనా కావాలి. సగం సగంగా అడ్డం పెడితే పొడి వైపు సగం వీధులు తిరక్కముందే నిండిపోతుంది. మిగిలింది తడి మీదే కుక్కుతారు.

ఇంతకన్నా చవకైన దారి రోజులు వేరు చేయడం. వారంలో రెండు రోజులు పొడి చెత్త మాత్రమే తీసుకోవాలి, ఐదు రోజులు తడి. పొడి చెత్త మూడు రోజులు బాల్కనీలో ఉన్నా వాసన రాదు. పాల ప్యాకెట్లు ఒకసారి కడిగి పెడితే చాలు. డైపర్లు, ప్యాడ్లు మాత్రం రోజూ పోవాలి. వాటిని కాగితంలో చుట్టి ఇస్తే ఆటో పక్కన తగిలించిన వేరే డబ్బాలో వేసుకోవచ్చు. ఇందుకు కొత్త బండ్లు అక్కర్లేదు.

పొడి రోజున ఆటో ట్రాన్స్‌ఫర్ స్టేషన్ గడప తొక్కకూడదన్నది అసలు షరతు. నేరుగా వార్డులోని పొడి చెత్త కేంద్రానికే పోవాలి. ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో పడిందంటే కంపాక్టర్ అన్నిటినీ కలిపి నొక్కేస్తుంది, సాంబారు నీళ్లు అట్టపెట్టెలకు ఇంకిపోతాయి. తడిసిన అట్టను కబాడీవాడు ముట్టడు.

ఆటో నడిపేవాళ్ల సంగతి కూడా తేల్చాలి. ఇళ్లవాళ్లిచ్చే నెల డబ్బులతో పాటు సీసాలు, అట్టలు అమ్ముకుంటేనే వాళ్లకు గిట్టుబాటు. పొడి చెత్త కేంద్రం ఉచితంగా ఇమ్మంటే దారిలోనే అమ్మేసి, ఎవరూ కొనని చిప్స్ ప్యాకెట్లు, పల్చటి కవర్లు అక్కడ దింపిపోతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. గేటు దగ్గరే తూకం వేసి డబ్బివ్వాలి. ఆ ప్యాకెట్లకూ ఎంతో కొంత ధర కట్టాలి. కిలోకు 1,500 కిలో కేలరీలు, అంతకు మించి వేడినిచ్చే, రీసైకిల్ కాని ఇలాంటి చెత్తను గుంతల్లో పూడ్చవద్దని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో 2020లో మొదలైన, చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటుకు కావాల్సిందీ ఈ పొడి సరుకే. వానాకాలంలో కలిపిన చెత్త పంపితే దాని వేడిలో చాలా భాగం నీళ్లు ఆవిరి చేయడానికే పోతుంది.

తడి చెత్తను కంపోస్టు చేయడం వినడానికి తేలికే. ఎక్కువగా చెడేది తేమ దగ్గర. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే లోపలికి గాలి ఆడదు, కుళ్లు వాసన లేస్తుంది, చుట్టుపక్కల కాలనీలవాళ్లు కంపోస్టు యార్డు మూసేయమని ధర్నాకు దిగుతారు. మందు ఎండుటాకులు. కార్బన్, నైట్రోజన్ పాళ్లు 25 నుంచి 30కి 1గా కుదరాలంటే వంటింటి చెత్త ఒక్కటే చాలదు, ఆకులో రంపపు పొట్టో కలపాల్సిందే. మన దగ్గర పార్కుల ఆకులు రోడ్డు పక్కన తగలబెడుతూ, కంపోస్టు యార్డుకు పొట్టు కొనుక్కొస్తారు! మనిషి ఎత్తుకు మించకుండా వరుసలు పోసి వారానికోసారి తిరగేస్తే, లోపల వేడి 55 డిగ్రీలు దాటాలి. దాటలేదంటే తేమో, గాలో, ఆకుల పాలో తప్పినట్టు. ఆఖర్న జల్లెడ పట్టాలి. సిటీ కంపోస్టులో 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడ దాటాలన్నది ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని ప్రమాణం. పొడి చెత్త కలిసిన కుప్పలో గాజు ముక్కలు అంతకన్నా సన్నగా ఉండి, జల్లెడ దాటిపోతాయి. చేతికి గుచ్చుకున్న ఎరువును రైతు మళ్లీ కొనడు.

మార్కెట్ల చెత్తకు బయోగ్యాస్ మేలు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ప్లాంటు 10 టన్నుల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీయగలదు. అక్కడ పనవుతోందంటే వచ్చే సరుకంతా ఒకే రకం కాబట్టి. అదే యంత్రం తెచ్చి కాలనీల చెత్త పోస్తే కవర్లు చుట్టుకుని మోటారు ఆగిపోతుంది. రోజుకు 100 కిలోలు దాటే హోటళ్లు, అపార్టుమెంట్లు తమ తడి చెత్తను తామే చూసుకోవాలని నిబంధన ఉంది. వాటి దగ్గరికి ఆటో పంపడం మానేస్తే చాలా బండ్లు మిగులుతాయి.

టెండర్లు పిలిచే ముందు ప్రతి సర్కిల్‌లో (కొన్ని వార్డులు కలిసిన విభాగం) చెత్తను మూడు కాలాల్లో తూచాలి: మామిడిపండ్లు, కొబ్బరి బోండాలు ముంచెత్తే మే నెలలో ఒకసారి, వానల్లో ఒకసారి, దసరా తర్వాత ఒకసారి. బస్తీ, అపార్టుమెంట్లు, బజారు వేర్వేరుగా. కుప్పను బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు తీసేసి, మిగిలినవి మళ్లీ కలిపి అలాగే తగ్గిస్తూ వస్తే, చేత్తో ఏరి తూచగలిగే నమూనా మిగులుతుంది. బోండాలకు విడిగా ముక్కలు చేసే యంత్రం కావాలి. ఏ సర్కిల్‌లో ఎన్ని కావాలో ఆ మే నెల తూకం చెబుతుంది.

ఇట్లు,
ఒక పర్యావరణ ఇంజినీర్,
తార్నాక, హైదరాబాద్