డబ్బా ఇచ్చారు, ఎండుటాకులేవి?

సంపాదకుడికి,

తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకోమని నగరపాలక సంస్థలు ప్రచారం చేయడం మంచిదే. కొన్ని చోట్ల డబ్బాలూ పంచుతున్నారు. నెల తిరగకముందే వాటిలో వాసన, పురుగులు మొదలై అవి బాల్కనీ మూలకు చేరితే మాత్రం, జనానికి శ్రద్ధ లేదని తేల్చేస్తారు. డబ్బాతో పాటు ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయో ఎవరూ చెప్పరు.

కూరగాయల తొక్కల్లో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. వాటినొక్కటే వేస్తూ పోతే అడుగున ముద్దకట్టి గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు పెరిగి పుల్లటి కుళ్లు వాసన వస్తుంది. ఎరువు చక్కగా మాగాలంటే నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లుండాలి. తొక్కల్లో అంత కర్బనం ఉండదు. ఆ లోటు తీర్చేవి ఎండుటాకులు, రంపపు పొట్టు, చింపిన అట్టముక్కలు. (‘పొడి చెత్త కలపండి’ అని కరపత్రంలో రాస్తే ప్లాస్టిక్ కవర్లు వేసేవాళ్లూ ఉంటారు. ఎండుటాకులని పేరుపెట్టి రాయాలి.)

కొలత తేలికే. ఒక గిన్నెడు తొక్కలకు రెండు గిన్నెల నలిపిన ఎండుటాకులు. రంపపు పొట్టయితే అంత అక్కర్లేదు, దానిలో కర్బనం చాలా ఎక్కువ. తొక్కలను రెండంగుళాలకు మించకుండా తరిగి వేయాలి, ఏ రోజు చెత్త మీద ఆ రోజే ఆకులు కప్పాలి. వారానికి రెండుసార్లు అడుగునుంచి తిరగేయాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. నీళ్లు కారితే ఆకులు తక్కువైనట్టు, పొడిపొడిగా విడిపోతే కాస్త నీళ్లు చిలకరించాలి. ముక్కుకు ఘాటుగా అమ్మోనియా వాసన తగిలితే నత్రజని ఎక్కువైందని అర్థం. దానికీ మందు ఆకులే. మూత బిగుసుకుపోయి ఒక్క రంధ్రమైనా లేని డబ్బాలు పంచడం దేనికో తెలియదు! పక్కల నాలుగంగుళాలకొకటి చొప్పున చిటికెన వేలు లావు రంధ్రాలు, అడుగున మరికొన్ని, కింద ఊట పట్టే పళ్లెం తప్పనిసరి.

మాంసం, ఎముకలు, పాలపదార్థాలు, నూనె వంటలు ఇంటి డబ్బాలో వేయకూడదు. గింజలను, తెగుళ్లను చంపే 55 డిగ్రీల వేడి పెద్ద కుప్పలోలా చిన్న డబ్బాలో నిలవదు కాబట్టి గింజకట్టిన కలుపు మొక్కలు, తెగులు పట్టిన ఆకులు కూడా వద్దు. మట్టిలో కలిసిపోతాయని చెప్పి అమ్మే సంచులు చాలావరకు ఈ చల్లటి డబ్బాల్లో నెలల తరబడి అలాగే ఉంటాయి.

ఇక లెక్క చూడండి. రోజుకు లీటరు గిన్నెడు తొక్కలు వచ్చే ఇంటికి నెలకు 60 లీటర్ల నలిపిన ఆకులు కావాలి, అంటే పెద్ద గోతాం నిండా. యాభై ఇళ్ల భవనానికి యాభై గోతాలు. మేడ మీద కాపురమున్నవాళ్లు ఇన్ని ఆకులు ఎక్కణ్నుంచి తెస్తారు? మరోవైపు పార్కుల్లో ఊడ్చిన ఆకులను బండ్లకెత్తి చెత్త దిబ్బకు పంపుతారు, లేదా అక్కడే తగలబెడతారు. ఒక్క డబ్బా ఇవ్వడం కూడా లెక్క తప్పే. వేసినవి రోజురోజుకీ కుంగుతున్నా ముప్ఫై లీటర్ల డబ్బా నెలకు అటూఇటూగా నిండుతుంది, అందులోది మాగడానికి మరో రెండు నెలలు. ఇంటికి మూడు డబ్బాలుంటేనే వంతు నడుస్తుంది. అందుకే చాలా ఇళ్లలో రెండో నెలలోనే పని ఆగిపోతుంది.

కావలసిన ఏర్పాటు పెద్దదేమీ కాదు. పార్కు మూలన ఇనుప వలతో గూడు కట్టి, పైన రేకు వేసి, రాలిన ఆకులను అందులో నిల్వ చేయాలి. వానకు తడిస్తే అక్కడే కుళ్లిపోతాయి. ప్లాస్టిక్ ఏరి, గోతాల్లో తొక్కి నలిపి, వారానికొక రోజు ఇళ్లవాళ్లకు ఇవ్వాలి. దుమ్ము, చెత్త కలిసే రోడ్డు ఆకులకన్నా పార్కు ఆకులే మేలు. ఆకు రాలే కాలంలోనే ఏడాదికి సరిపడా కూడబెట్టుకోవాలి. మొక్కలు పెంచని ఇళ్లవాళ్లు తయారైన ఎరువును అదే గోతాంలో తెచ్చి ఆ పార్కుకే ఇచ్చేయవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు