మెష్ వేస్తే కార్డు ఇవ్వాలి

గర్భసంచి జారిన మహిళలకు లాపరోస్కోపీ (పొట్టపై చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) ద్వారా మెష్, అంటే జారకుండా పట్టి ఉంచే సన్నని ప్లాస్టిక్ వల, వేస్తున్న చాలా ఆసుపత్రులు లోపల ఏం అమర్చారో రాసివ్వడం లేదు. డిశ్చార్జి సమ్మరీలో ‘మెష్ రిపేర్’ అన్న రెండు మాటలే. కంపెనీ పేరు, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే సంఖ్య) ఉండవు. ఈ ఆపరేషన్‌లో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వలను ఒక కొస యోని పైభాగానికి, మరో కొస త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉండే ఎముక) ముందున్న లిగమెంటుకు బిగించి, పైన పెరిటోనియం (పొట్ట లోపలి పొర) కప్పి కుడతారు. అది జీవితాంతం ఒంట్లో ఉండేది. ఏళ్లు గడిచాక కూడా యోని గోడను ఒరుసుకుని బయటపడవచ్చు: రక్తపు మరకలు, దుర్వాసనతో తెల్లబట్ట, కలయికలో నొప్పి దాని గుర్తులు. అదే ఆపరేషన్‌లో గర్భసంచిని ముఖద్వారంతో సహా తీసేస్తే, యోని కుట్టు మీదే వల ఆనుతుంది కనుక ఈ ముప్పు పెరుగుతుంది. ముఖద్వారం ఉంచితే తగ్గుతుంది. ఇది ముందే చెప్పేవారు అరుదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో అమ్మకం ఆపించింది ఈ జబ్బుకు యోని మార్గంలో వేసే మెష్‌ను మాత్రమే, పొట్టలోంచి వేసేదాన్ని కాదు. ఆ తేడా తెలియక అవసరమైనవారూ భయపడి వెనక్కి తగ్గుతున్నారు. మెష్ రకం, లాట్ నంబరు, తేదీ, సర్జన్ పేరుతో కార్డు ఇవ్వడాన్ని, తెలుగులో ముద్రించిన సమ్మతి పత్రాన్ని ఆరోగ్యశాఖ తప్పనిసరి చేయాలి. కోత అక్కర్లేని రింగ్ పెసరీని (గర్భసంచి జారకుండా యోనిలో అమర్చే రింగును) ఏరియా ఆసుపత్రుల్లోనే కొలత చూసి అమర్చే ఏర్పాటు ఉండాలి.