సరుకు దాటినంత సులువుగా సర్టిఫికెట్ దాటదు

చిత్తూరు

పాపా,

"పక్క దేశాలతో ఫ్రీ ట్రేడ్ ఒప్పందాలు ఉన్నాయి కదా నాయనా, మరి నర్సుగా పోవాలంటే ఇన్ని పరీక్షలెందుకు?" అని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నా. నువ్వు ఆఖరి సంవత్సరంలో ఉన్నావు. తిరుపతిలో హాస్టళ్ల దగ్గరికే ఏజెంట్లు వచ్చి మాట్లాడే కాలమిది. వాళ్లకంటే ముందు ఈ విషయం నీకు తెలిసుండాలి.

మన తోతాపురి గుజ్జు డబ్బాలు ఒప్పందం ఉన్న దేశానికి పోయేటప్పుడు, సరుకు ఇక్కడిదేనని సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ జత చేస్తే సుంకం తగ్గుతుంది. ఆసియాన్ అనే ఆగ్నేయాసియా దేశాల కూటమితో మన సరుకుల ఒప్పందం 2010 జనవరి నుంచి అమల్లో ఉంది. బయటి ముడిసరుకు కలిసినా సరే, విలువలో కనీసం 35 శాతం ఒప్పంద దేశాల్లోనే చేరి, సుంకం లెక్కకు సరుకుకిచ్చే నంబరు, టారిఫ్ కోడ్, మారితే చాలు. అంతా కాగితం మీదే తేలిపోతుంది. చదువుకు అలాంటి లెక్క ఒప్పందంలో దానంతట అది రాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల ఒప్పందం 1995లో వచ్చింది కదా, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చేవాళ్లకూ, స్థిరనివాసానికీ, పౌరసత్వానికీ ఇది వర్తించదని దాని అనుబంధంలోనే రాసిపెట్టారు. తాత్కాలికంగా వచ్చి సేవ చేసి పోయేవాళ్ల గురించే అందులో మాట.

చదువును కొలిచే పని నిజంగా చేసింది యూరప్ దేశాల కూటమి, యూరోపియన్ యూనియన్. అక్కడి 2005 నాటి ఆదేశం ప్రకారం జనరల్ నర్సు శిక్షణ కనీసం మూడేళ్లు, 4,600 గంటలు ఉండాలి. అందులో సగానికి తగ్గకుండా వార్డులో పని, మూడో వంతుకు తగ్గకుండా థియరీ. ఈ కొలతకు సరిపోయే డిగ్రీ ఒక సభ్య దేశంలో ఉంటే మిగతా దేశాల్లోనూ గుర్తింపు దానంతట అదే వస్తుంది. ఈ ఆదేశానికి ముందూ ఇలాంటి కొలతలే ఉండేవి, అందుకే 2004లో పోలండ్ ఆ కూటమిలో చేరినప్పుడు, పాత పద్ధతిలో చదివిన నర్సులు చాలామంది లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సులు చేయాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి వార్డులో పనిచేసినవాళ్లే, కానీ సర్టిఫికెట్ మీద గంటలు సరిపోలేదు. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. 2007లో చేరిన రుమేనియా నుంచి డాక్టర్లు పెద్ద సంఖ్యలో పడమటి దేశాలకు పోయారు. 2018లో అక్కడి ప్రభుత్వం ఆసుపత్రి జీతాలు బాగా పెంచాల్సి వచ్చింది. తలుపు తెరిస్తే చదివించిన ఊరు ఖాళీ అవుతుంది, అది నాకు బాధగానే ఉంటుంది. కానీ దానికి మందు జీతం పెంచడమే, పిల్లల్ని కట్టిపడేయడం కాదు.

ఉత్తర అమెరికాలో 1994 నాటి నాఫ్టా, అంటే అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం, ఇంకో దారి పట్టింది. వృత్తుల జాబితా ఒకటి పెట్టి, అందులో ఉన్న కెనడా, మెక్సికో వాళ్లకు అమెరికాలో పని చేయడానికి టీఎన్ వీసా ఇస్తారు. 2020లో కొత్త ఒప్పందం వచ్చినా ఆ జాబితా నిలిచింది. రిజిస్టర్డ్ నర్సు అందులో ఉంది. కెనడాలోని విండ్సర్‌లో ఇల్లు పెట్టుకుని, నది దాటి అమెరికా డెట్రాయిట్ ఆసుపత్రుల్లో డ్యూటీ చేసి వచ్చే నర్సులు ఉన్నారు. వాళ్లకూ రాష్ట్ర లైసెన్సు, దానికి రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్ష తప్పవు. అయితే 2015 నుంచి కెనడాలో చాలా రాష్ట్రాలు కూడా ఎన్‌క్లెక్స్‌నే పెట్టుకున్నాయి కాబట్టి ఒక్క చదువుతో రెండు పక్కలా నెగ్గొచ్చు. చదువు లేని మెక్సికో రైతుకు మాత్రం ఆ జాబితాలో చోటు లేదు. అమెరికా మొక్కజొన్న చౌకగా వచ్చి పడింది, 1994 చివర్లో మెక్సికో డబ్బు, పెసో, విలువ కూలింది. వాణిజ్యం పెరిగితే వలస తగ్గుతుందని చెప్పినవాళ్ల మాట నిలవలేదు. అమెరికాలో మెక్సికోలో పుట్టినవాళ్లు 1990లో సుమారు 43 లక్షలుంటే, 2007కి కోటీ పాతిక లక్షలు దాటారు.

ఇక మన చుట్టుపక్కల సంగతి. నేపాల్‌తో 1950 ఒప్పందం వల్ల వీసా లేకుండా అటూ ఇటూ పోయి పని చేసుకోవచ్చు. అయినా అక్కడ నర్సుగా చేయాలంటే నేపాల్ నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు ఉండాల్సిందే. శ్రీలంకతో 2000 నుంచి నడుస్తున్నది సరుకుల ఒప్పందమే. సేవలు కూడా చేర్చాలన్న చర్చ మొదలైతే అక్కడి డాక్టర్ల సంఘం గట్టిగా అడ్డుపడింది. వాళ్ల భయం వాళ్లది, తప్పు పట్టను. 2006 నాటి దక్షిణాసియా ఒప్పందం, సాఫ్టా, అదీ సరుకులకే. ఆసియాన్ దేశాలు నర్సింగ్ గుర్తింపు ఒప్పందం 2006లోనే చేసుకున్నాయి, కానీ అది వాళ్లలో వాళ్లకు. మూడేళ్ల వరుస అనుభవం అడుగుతారు, పైగా ఆయా దేశపు లైసెన్సు వేరే. థాయిలాండ్‌లో ఆ పరీక్ష థాయి భాషలోనే. సింగపూర్‌తో మాత్రం మనకు 2005 ఒప్పందం ఉంది, నర్సింగ్ గుర్తింపు మీద 2018లో సంతకాలయ్యాయి. అయితే అది ఎంచిన కొద్ది సంస్థలకే. నీ కాలేజీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా "సింగపూర్ ఈజీ" అన్నవాడి మాట నమ్మొద్దు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తా. వార్డు వారీగా నీ క్లినికల్ గంటలు, మెడికల్, సర్జికల్, పిల్లలు, ప్రసూతి, మానసికం అన్నీ తేదీలతో, సిస్టర్ సంతకంతో రాసి ఉంచు. విదేశీ కౌన్సిళ్లు అడిగేది ఇదే. చదువైపోయాక కాలేజీలో ఈ లెక్క తీయించడం చాలా కష్టం, రిజిస్టర్లు దొరకవు, సంతకం పెట్టాల్సిన మేడమ్ బదిలీ అయిపోయి ఉంటుంది. సిలబస్ కాపీ కూడా ముద్ర వేయించి తెచ్చుకో. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాగానే నీ రిజిస్ట్రేషన్ మీద ఫిర్యాదులేమీ లేవని చెప్పే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ ఎలా ఇస్తారో కనుక్కో. డిగ్రీకి ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే బయటి దేశాల్లో చెల్లే ధ్రువీకరణ ముద్ర. దుబాయ్ వైపైతే అపోస్టిల్ చెల్లదు, వాళ్ల ఎంబసీ ముద్ర కావాలి.

గల్ఫ్, మలేసియా కలిపి 18 దేశాలకు నర్సుగా పోవాలంటే, ఎంత చదివినా ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోవడానికి మన ప్రభుత్వ అనుమతి, తప్పదు. విజిట్ వీసా మీద పంపిస్తాననేవాడు దీన్ని తప్పించుకోవడానికే అంటాడు. అలా పోయినవాళ్లకు అక్కడ జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగితే అక్కడితో మాట ఆపెయ్.

జాస్తిగా అర్జీలు ఆగేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇద్దరు మనుషులనుకుంటారు. నీ మెమో, ఇంటర్ సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టి స్పెల్లింగు ఒక్కొక్క అక్షరం చూడు. తేడా ఉంటే ఫోటో తీసి పంపు, పాస్‌పోర్టు అర్జీ పెట్టకముందే సరిచేయిద్దాం.

మీ నాయన