చేటలో నూకలు చాలు, వెయ్యి రూపాయల కిట్లు అక్కర్లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో పసిపిల్లల ఆటల మీద వేసిన పేజీ చదివాను. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలు తాకి, వాసన చూసి, విని, పారబోసి, పిసికి నేర్చుకుంటారని అందులో రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దానికి చూపించిన దారే నాకు నచ్చలేదు. ఫొటోల్లో ఉన్నవన్నీ ఆన్‌లైన్‌లో అమ్మే ఆట కిట్లు, ఒక్కోటీ వెయ్యి రూపాయల పైమాటే. నేను కోనసీమలో ఒక పల్లెలో అంగన్‌వాడీ నడుపుతాను. మా దగ్గరికి పసిపిల్లల పోషకాహార పొడి బాలామృతం తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లలో కూలికి వెళ్లే తల్లులున్నారు, కూతురు కువైట్‌లో పనిచేస్తుంటే మనవడిని పెంచుతున్న అమ్మమ్మలున్నారు. ఆ పేజీ చూస్తే వాళ్లు ఏమంటారో నాకు తెలుసు: "మనవల్ల ఎక్కడవుద్దమ్మా ఇదంతా" అని పేపరు మడిచి పక్కన పెట్టి, ఏడుస్తున్న పిల్లాడి చేతిలో ఫోన్ పెడతారు. వాళ్లదేం తప్పు కాదు. ఆ కిట్టు చేసే పని వంటింట్లో ఉన్న సామానే చేస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

బాలామృతం పంచే రోజున మా సెంటర్లో ఒక మూల పాత దుప్పటి పరిచి, చేటలో గుప్పెడు నూకలు, రెండు కొబ్బరి చిప్పలు, ఒక గరిటె, ఒక చిన్న చెంబు పెడతాను. చిప్ప అంచులు ముందే గచ్చు మీద రుద్ది నున్నగా చేస్తాను. ఏడాదిన్నర పిల్ల అక్కడ కూర్చుంటే ఏం చేస్తుందో కాసేపు చూడండి. ముందు అరచెయ్యి నూకల మీద ఆనించి తీసేసి, అంటుకున్న గింజల్ని చూసుకుంటుంది. తర్వాత పిడికిలి నిండా పట్టుకుని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తుంది. ఆ తర్వాత గరిటెతో చెంబులో పోయాలని చూస్తే సగం దుప్పటి మీద పడతాయి, మళ్లీ పోస్తుంది, ఈసారి చెంబుని రెండో చేత్తో పట్టుకుంటుంది. ఆ రెండో చెయ్యి వచ్చిన క్షణం చూడాలండీ! పాత్ర కదలకుండా ఉంటేనే లోపల పడుతుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. వాళ్ల అమ్మ వేలిముద్ర వేసి, ఫొటో తీయించుకుని, ప్యాకెట్ తీసుకుని వచ్చేసరికి కూడా లేవనంటుంది. కింద పడ్డ నూకలు కోళ్లకు వేసేస్తాం, కాబట్టి వృథా అయ్యేది కూడా ఏమీ లేదు.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఇడ్లీ ప్లేటులో ఒక్కో గుంటకు ఒక్కో నిమ్మకాయ పెట్టడం, తీయడం. చపాతీ కర్రను నిలబెట్టి పట్టుకుంటే దానికి ప్లాస్టిక్ గాజులు తొడగడం. అట్టపెట్టెకు చెయ్యి పట్టేంత కన్నం చేసి, లోపల పాత పట్టుచీర ముక్క, గోనెసంచి ముక్క, తువ్వాలు, కొబ్బరి పీచు వేసి ఒక్కొక్కటీ బయటికి లాగించడం. ఇంటికొచ్చే మీ పత్రికే ఉంది, దాన్ని నిలువునా చించడం రెండేళ్ల వేళ్లకు మంచి కసరత్తు, ఆ ముక్కల్ని ఉండచుట్టి బుట్టలోకి విసరడం ఇంకో ఆట. సిరా అంటుతుంది కాబట్టి ముక్కలు నోట్లోకి పోనివ్వకుండా చూసుకుని, ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడిగితే సరిపోతుంది.

ఇదంతా కాలక్షేపం అనుకునేవాళ్లకి ఒక మాట చెప్పాలి. రెండున్నరేళ్లకే పిల్లల్ని నర్సరీలో వేసి, పలక నిండా నిలువు గీతలు, అడ్డ గీతలు దిద్దిస్తున్నారు. బలపం పట్టాలంటే ముందు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేయాలి, మణికట్టు నిలవాలి. ఆ బలం రాతతో రాదు. పిసకడం, చిటికెతో తీయడం, పిండడం, మూత తిప్పడం లాంటి పనులతో వస్తుంది. చాలామంది పిల్లలకు పెన్సిల్ సరిగ్గా పట్టుకోవడం నాలుగేళ్ల దగ్గరికి గానీ కుదరదు. మన పెద్దవాళ్లకు ఇది తెలుసు. బాసరలోనైనా, ఇంట్లోనైనా అక్షరాభ్యాసం అంటే పళ్లెంలో బియ్యం పోసి పిల్లాడి వేలితో రాయించడమే. వీధిబడుల్లో ఇసుకలో దిద్దించేవారు. మనం మాత్రం ఆ బియ్యం పళ్లెం ముచ్చటని ఒక్కరోజు ఫొటోకు పరిమితం చేసి, మర్నాటి నుంచి పెన్సిల్ ఇచ్చి "సరిగ్గా పట్టుకో" అని కసురుతున్నాం. బియ్యం పళ్లెం రోజూ ఇవ్వండి, అక్షరాలు కూడా అక్కర్లేదు, ఊరికే గీతలు గీసుకోనివ్వండి.

బజారులో దొరికే రంగు ముద్దల బదులు ఇంట్లో పిండి ముద్ద చేసుకోవడం చాలా తేలిక. గ్లాసు మైదా, అర గ్లాసు ఉప్పు, గ్లాసు నీళ్లు, పెద్ద చెంచాడు నూనె, అర చెక్క నిమ్మరసం అన్నీ మూకుడులో కలిపి సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే కాసేపటికి ముద్దగా చేరి అంచులు వదులుతుంది. చల్లారాక చపాతీ పిండిలా మర్దన చేయాలి. గులాబీ రంగు కావాలంటే నీళ్ల బదులు బీట్‌రూట్ రసం, పసుప్పచ్చ కావాలంటే చిటికెడు పసుపు, ఆకుపచ్చకి పాలకూర రసం. మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పైనే ఉంటుంది. వానాకాలంలో బూజు పడుతుంది కాబట్టి వాసన మారితే పారేయండి. పచ్చి పిండి కంటే ఉడికించిందే మంచిది, పచ్చి పిండిలో సూక్ష్మజీవులు ఉండొచ్చు. ఇందులో ఉప్పు ఎక్కువ కాబట్టి అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇది వద్దు. వాళ్లకు తినగలిగేవే ఇవ్వాలి: మెత్తగా ఉడికించి చల్లార్చిన సగ్గుబియ్యం, పెరుగు, మెదిపిన అరటిపండు. సగ్గుబియ్యం జారుతూ, అంటుకుంటూ ఉంటే చిన్నపిల్లలు మొహమంతా పూసుకుంటారు, పూసుకోనివ్వండి, స్నానానికి ముందు పెట్టుకుంటే గొడవే ఉండదు.

బెండకాయ తొడిమ వైపు అడ్డంగా కోస్తే పువ్వు అచ్చు పడుతుంది. దాన్ని బీట్‌రూట్ రసంలో ముంచి కాగితం మీద అద్దిస్తే పిల్లలకు ఎంత సంబరమో చెప్పలేను. మూడేళ్లు నిండుతున్న వాళ్లకైతే పసుపు నీళ్లలో వంటసోడా కలిపి చూపించండి, ఎర్రగా మారుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. దీనికి సున్నం మాత్రం వాడొద్దు, కంట్లో పడితే చాలా ప్రమాదం. ముగ్గుల కోసం అమ్మే రంగుల పొడులు కూడా వద్దు, వాటిలో ఏం కలుపుతారో మనకు తెలియదు. బట్టలకు అంటిన పసుపు మరక గురించి తల్లులు కంగారు పడతారు, ఉతికి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది.

మా ప్రాంతంలో కొబ్బరాకుకి కొదవ లేదు. ఈనె తీసేసి ఆకుతో బూర చుట్టడం, వాచీ, పాము అల్లడం మా అమ్మమ్మల తరానికి అలవోకగా వచ్చు. వాళ్లు అల్లుతుంటే పిల్ల పక్కన కూర్చుని చూడటం, లాగడం, పాడుచేయడం కూడా ఆటే. తడి ఇసుకలో పాదం పెట్టి పైన ఇసుక కప్పి తట్టి, మెల్లగా పాదం తీస్తే పిచ్చుక గూడు. ఆ చల్లదనం, ఆ బరువు, తీసేటప్పుడు కూలిపోతుందేమోనన్న ఆత్రం ఏ కిట్టులోనూ రావు. కొనగలిగే స్తోమత ఉంటే కొనవద్దని కాదు. ఏటికొప్పాక లక్కపిడతలున్నాయి, కొండపల్లి బొమ్మలున్నాయి, మన కళాకారులు చేసినవి. బజారులో వేరే బొమ్మ కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. ఏది కొన్నా ఆ బొమ్మ ఏ వయసుకో, చిన్న భాగాలు ఊడివస్తాయో లేదో చూసుకోవాలి.

ఇక భయపడాల్సినవి. కిట్ల గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు గానీ, నాకు ఇదే ముఖ్యం. మూడేళ్ల లోపు పిల్లలకు శనగలు, బఠాణీలు, వేరుశనగ గింజలు, చింతపిక్కలు, గవ్వలు, గోళీలు, పూసలు ఇవ్వకూడదు. గింజ ఊపిరితిత్తుల దారిలోకి పోతే తడికి ఉబ్బి దారి మూసుకుపోతుంది. బొమ్మల భద్రతా పరీక్షలో సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం వాడతారు, అందులో పట్టేసేదేదైనా ఆ వయసు పిల్లకు ప్రమాదమే. గురిగింజలు ఎర్రగా నల్లచుక్కతో ఎంత ముద్దుగా ఉన్నా ఇంట్లో ఉంచకండి, నమిలితే విషం. ఆముదం గింజలూ అంతే. ఆకులు, పువ్వులు ఏరుకొచ్చి ఆడించేటప్పుడు గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త దరిదాపుల్లోకి వెళ్లొద్దు. నీళ్లాట ఆడించేటప్పుడు ఫోన్ మోగినా లేవకూడదు, బకెట్ అడుగున ఉన్న కాసిని నీళ్లు కూడా తలకిందులైన పసివాడి ప్రాణం తీయడానికి చాలు. ఆట అయిన వెంటనే బకెట్ బోర్లించేయాలి. రిమోట్లలో, మోగే బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీ మింగితే కొన్ని గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది, అనుమానం వస్తే చాలు, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. పిల్ల గొంతులో ఏదైనా అడ్డుపడితే, అది కంటికి కనపడకపోతే వేలు పెట్టి తోడకండి, ఇంకా లోపలికి పోతుంది.

వీటన్నిటికంటే నన్ను టెన్షన్ పెడుతున్నవి నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు రంగుల జెల్లీ గోళీలు, వాటర్ బీడ్స్ అంటారు. తీర్థాల్లో, బొమ్మల కొట్లలో పొట్లాల్లో అమ్ముతున్నారు. పొడిగా ఉన్నప్పుడు ఆవగింజంతే ఉంటాయి, మంచం కిందకు దొర్లిపోతే కనపడవు. పిల్ల మింగితే కడుపులో నీటిని పీల్చుకుని ఎన్నో రెట్లు పెరిగి పేగుకు అడ్డం పడతాయి, మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడవు కూడా. అమెరికాలో పెద్ద పెద్ద దుకాణ సంస్థలు 2023 చివర్లో వీటిని పిల్లల బొమ్మలుగా అమ్మడం ఆపేస్తున్నామని ప్రకటించాయి. మీ పేజీలోని ఒక ఫొటోలో అవే గోళీలు గిన్నె నిండా ఉన్నాయి. అది చూసి ఎవరైనా కొనేస్తారేమోనని నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

"మట్టిలో ఆడితే పురుగులు వస్తాయి కదా టీచర్" అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. కుక్కలు, పిల్లులు తిరగని చోట మట్టి చూసుకోండి, ఆట అయ్యాక సబ్బుతో గోళ్ల సందులు కూడా కడగండి, ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల నిర్మూలన దినం నాడు మేమిచ్చే ఆల్బెండజోల్ తప్పకుండా వేయించండి. ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకు అర మాత్ర పొడిచేసి ఇస్తాం.

కొందరు పిల్లలు తడి వస్తువు తాకనే తాకరు, చెయ్యి వెనక్కి లాక్కుంటారు. బలవంతం చేయొద్దు. ముందు పొడి నూకలు, తర్వాత గరిటెతో తడి పిండి, ఆ తర్వాత ఒక్క వేలు, ఇలా వాళ్లు ఒప్పుకున్నంత మేరకే. అయితే పిలిస్తే పలక్కపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు ఆగిపోవడం లాంటివి కూడా ఉంటే ఆటలతో సరిపెట్టుకోకుండా పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ వైద్య బృందానికి చూపించండి, జిల్లాలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి వాళ్లే పంపుతారు, ఖర్చుండదు.

ఫోన్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. రెండేళ్లు నిండని పిల్లలకు తెర వద్దని, రెండేళ్లకు వచ్చినా రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. కానీ "వద్దు" అని చెప్పినంత మాత్రాన వంట చేసుకునే తల్లి ఏం చేస్తుంది? ఫోన్‌కి బదులుగా ఆమె చేతికి వేరే వస్తువు ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2024లో మూడేళ్ల లోపు పిల్లల కోసం 'నవచేతన' అని 140 ఆటపాటలతో 36 నెలల క్యాలెండర్ తెచ్చింది. అందులో చాలావరకు ఇంటి సామానుతో చేసేవే. కాగితం మీద బాగుంది. కానీ మేము ఇంటింటికీ వెళ్లినప్పుడు యాప్‌లో ఎత్తు, బరువు ఎక్కించేసరికే సమయం అయిపోతుంది, తల్లి పక్కన కూర్చుని ఒక ఆట ఆడించి చూపించే పావుగంట మిగలదు. ఆ పావుగంటను మా పనిగా లెక్కలోకి తీసుకోవాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మిమ్మల్ని అడిగేది ఇంకొకటుంది. వంటల శీర్షిక వేసినట్టే వారానికొక ఆట వేయండి. ఏ వయసుకి, ఏ సామాను, ఏం జాగ్రత్త అనే మూడే వివరాలు, పెద్ద అక్షరాల్లో, బొమ్మతో. చదవడం రాని అమ్మమ్మలకు నేను చదివి వినిపిస్తాను, కత్తిరించి సెంటర్ గోడకు అంటిస్తాను. మా తోటి కార్యకర్తలు కూడా ఆటలు రాసి పంపుతారు, డబ్బులేం అక్కర్లేదు. శీర్షికకు కాస్త సమయం పట్టినా ఫర్వాలేదు గానీ, ఆ జెల్లీ గోళీల గురించి హెచ్చరిక మాత్రం వచ్చే ఆదివారమే, ఆ ఫొటో వేసిన పేజీలోనే వేయండి.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ కార్యకర్త,
అమలాపురం దగ్గర, కోనసీమ జిల్లా