పానగల్లు నీడ, ఫోన్లో మెట్లు

నల్లగొండ,
ఆదివారం రాత్రి.

దోస్తూ,

ఎట్లున్నవ్‌రా? మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు వార్డులో ఉండి సరిగ్గా మాట్లాడలేకపోయాను. నాన్నను ఇంటికి తీసుకొచ్చాం. మజ్జిగన్నం తింటున్నాడు. కుడిచెయ్యి మాత్రం ఇంకా కొంచెం వణుకుతోంది.

ఆస్పత్రిలో రాత్రిళ్లు నాకు నిద్ర పట్టేది కాదు. ఫోన్లో నువ్వు చెప్పిన గోలీలు పేల్చే ఆట పెట్టుకుంటే ఇంకా టెన్షన్. టైమయిపోతోందని గంట కొడుతుంది, ప్రాణాలు అయిపోయాయంటుంది. వార్డు బయట బెంచీ మీద కూచుని ఆ మాట చదవలేకపోయాను రా. తీసేశాను.

అప్పుడు మా అక్క కూతురు మాన్యుమెంట్ వ్యాలీ అనే ఆట ఎక్కించి ఇచ్చింది. లండన్‌లోని అస్‌టూ గేమ్స్ వాళ్లు 2014లో తెచ్చారు. ఐడా అనే చిన్న రాకుమారి, తెల్ల గౌను, మొనదేలిన టోపీ, గోపురాలూ మెట్లూ ఉన్న కట్టడాల మీద నడుస్తూ పోతుంది. మనం చక్రం తిప్పితే గోడలు కదులుతాయి, వాటితోపాటు సన్నగా సంగీతం మోగుతుంది. గడియారం లేదు, మార్కులు లేవు, చావు లేదు. కాకులు దారికి అడ్డం నిలబడి అరుస్తాయి, అంతే.

అందులో తెగిపోయిన దారులున్నాయి చూడు, నా మనసంతా వాటి మీదే. పైన ఒక మెట్టు, కింద ఒక మెట్టు, మధ్యలో ఖాళీ. కట్టడాన్ని కొంచెం తిప్పితే రెండూ కలిసినట్టు కనిపిస్తాయి. కనిపిస్తే చాలు, ఐడా దాటేస్తుంది! ఆ బొమ్మల్లో దూరంగా ఉన్నది చిన్నగా కనిపించదు, దగ్గరిదీ దూరందీ ఒకే కొలత. అందుకే కంటికి కలిసినవి నిజంగానే కలిసిపోతాయి. ఎషర్ అనే డచ్ చిత్రకారుడు ఎంత ఎక్కినా తరగని మెట్లు 1960లోనే గీశాడు. ఈ ఆటకు మూలం అట్లాంటి బొమ్మలే.

నాన్న ఏళ్ల తరబడి మేస్త్రీ పని చేసినవాడు కదా. ఒక రాత్రి మెలకువ వచ్చి తొంగిచూశాడు. “ఈ మెట్టు దేని మీద ఆనింది బిడ్డా? ఇట్ల కడితే నిలవదు” అన్నాడు. ఎడమచేత్తో తనే చక్రం తిప్పాడు. దారి కలిసింది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా, “పానగల్లు నీడ లెక్కనే ఉంది” అన్నాడు.

నిజమే కదరా! పానగల్లులో ఛాయా సోమేశ్వరుడి గుడిలో సూర్యుడు ఎటు తిరిగినా లింగం మీద స్తంభం నీడ పొద్దంతా కదలదు. పదో తరగతిలో అది ఏ స్తంభానిదో కనిపెడదామని మనిద్దరం ఒక్కోదాని దగ్గర చెయ్యి అడ్డం పెట్టి చూశాం, గుర్తుందా? కందూరు చోడుల కాలం నాటి శిల్పులు, స్తంభాల మధ్య నుంచి వెలుతురు ఎట్లా చెదిరి లోపలికొస్తుందో తెలిసి కట్టారు. మన ఊరి పక్కనే ఇంత విద్య ఉందని ఆ బెంచీ మీద కూచున్నప్పుడు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

ఆటలో పది అధ్యాయాలే. ఓపిగ్గా ఆడినా రెండు గంటల్లో అయిపోతుందని రాత్రికి ఒక్కటే ఆడాను. పదోది ముట్టలేదు. చెయ్యి వణుకు తగ్గాక కుడిచేత్తో తనే తిప్పుతానన్నాడు నాన్న. దసరాకు రా. పొద్దున్నే ముగ్గురం పానగల్లు పోదాం, ఈసారి స్తంభాలను నాన్నకు చూపించి అడుగుదాం.

నీ దోస్తు