ఆ రెండు ప్రశ్నలు గుమ్మంలో నిలబడి అడిగేవి కావు

సంపాదకుడు గారికి నమస్కారం.

అక్టోబర్ 10న మా మండల కేంద్రంలో ప్రపంచ మానసిక ఆరోగ్య దినం ర్యాలీ జరిగింది. బడిపిల్లలు ఫ్లెక్సీ పట్టుకుని ఎండలో నడిచారు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. తప్పు పట్టడానికి రాయడం లేదు, ఆ ర్యాలీలో నేనూ నడిచాను. కానీ ఆ రోజు మైకు పట్టుకున్నవాళ్ళెవరూ ఎత్తని చిన్న సంగతి ఒకటుంది. అది ఆశా కార్యకర్త మన ఇంటికి తెచ్చే ఫారంలోనే ఉంది.

ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకి షుగరు, బీపీ, క్యాన్సర్ల కోసం ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) సర్వే చేస్తారు కదా. ఆ ఫారంలో పొగాకు, మందు, నడుం చుట్టుకొలత, దగ్గు, పొయ్యిలో ఏం వాడతారు అన్నీ అయ్యాక రెండు ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా? దిగులుగా, నిరాశగా ఉంటోందా? ఒక్కోదానికీ సున్నా నుంచి మూడు మార్కులు. అసలు లేకపోతే సున్నా, దాదాపు రోజూ ఉంటే మూడు. రెండూ కలిపి మూడు దాటితే ఆరోగ్య కేంద్రానికి పంపాలి. అంటే మనసు ఎలా ఉందని ఇంటింటికీ వెళ్ళి అడిగే ఏర్పాటు ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉంది. ఇంకో పథకం, దానికి ఇంకో పేరు అక్కర్లేదు. ముప్పై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, చివరి ప్రశ్నలకి పిల్లలు ఏదో ఒకటి రాసేసి లేచిపోవడం చూశాను. ఇక్కడ అడిగేవాళ్ళూ, జవాబు చెప్పేవాళ్ళూ ఇద్దరూ అదే పని చేస్తున్నారు.

మా తోడికోడలి విషయం చెబుతాను. రాయమని తనే అంది, పేరు మాత్రం వద్దంది.

మూడేళ్ళ కిందట వేసవిలో ఆవిడ ఆవకాయ పెట్టలేదు. మా ఇళ్ళలో ఇది చిన్న వార్త కాదు. కాయలు కొట్టించింది, ముక్కలు తుడవకుండా బేసిన్లో వదిలేసి వెళ్ళి పడుకుంది. అంతకు ముందు వరసగా రెండు పంటలు రొయ్యల చెరువు దెబ్బతింది. కూతురు పురిటికొచ్చి, ఐదు నెలలుండి, బిడ్డతో వెళ్ళిపోయింది. ఏది కారణమో నాకు తెలీదు, బహుశా ఏ ఒక్కటీ కాదు. తెల్లవారుజాము మూడింటికే మెలకువ, గుండెదడ, తల మీద బండ పెట్టినట్టు బరువు, అరికాళ్ళ మంటలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు నీరసమని సెలైన్ ఎక్కించారు. తర్వాత పట్నం తీసుకెళ్ళి ఈసీజీ, థైరాయిడ్, ఎండోస్కోపీ చేయించాం. అన్నీ నార్మల్. "ఏమీ లేదమ్మా" అన్నారు. ఆ మాటకి ఇంటిల్లిపాదీ స్థిమితపడ్డాం, ఆవిడ తప్ప. ఏమీ లేకపోతే మరి ఈ బాధేంటక్కా అని నన్నడిగింది. "నీకేం తక్కువని, ఊరికే ఆలోచిస్తావు" అన్నాను. చదువుకున్నదాన్ని, అన్నది నేనే.

ఆ ఏడాదే సర్వే వచ్చింది. ఆశా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఫారం నింపుకుంది. పక్కన అరుగు మీద మా అత్తగారు, ఆవిడతో కబుర్లకొచ్చిన ఎదురింటావిడ. "నిస్పృహగా ఏమైనా ఉన్నదాండీ?" "లేదమ్మా." రెండు సున్నాలు పడ్డాయి.

ఆరు నెలల తర్వాత బీపీ మాత్రలివ్వడానికి వచ్చినప్పుడు ఆ అమ్మాయే నాతో మెల్లిగా అంది, "టీచర్ గారూ, పిన్నిగారు బాగాలేరండి. అప్పుడు అందరిలో అడిగేశాను." ఈసారి పెరటి దారిన వచ్చింది. గోంగూర మడి దగ్గర ఇద్దరే కూర్చున్నారు. పావుగంట అనుకున్నది గంటన్నర పట్టింది. ఐదు మార్కులు వచ్చాయి.

ఈసారి ప్రశ్న కూడా ఫారంలో ఉన్నట్టు అడగలేదట. "పిన్నీ, ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదా?" అందట. మనవాళ్ళు డిప్రెషన్ అనరు. బెంగ అంటారు, దిగులంటారు, టెన్షన్ అంటారు, నరాల వీక్‌నెస్ అంటారు, గ్యాస్ అంటారు, దిష్టి తగిలిందంటారు. వరంగల్‌లో మా వియ్యపురాలు "మనాది పెట్టుకుంది" అంటుంది, నాకు చాలా నచ్చిన మాట. ఇన్ని మాటలున్న జనం దగ్గరికి వెళ్ళి "నిస్పృహగా ఉన్నదా" అని అడిగితే లేదనక ఏమంటారు?

ఆశా అమ్మాయిల మీద నేరం మోపడం లేదు. గర్భిణుల లెక్క, టీకాలు, టీబీ మందులు, జ్వరాల సర్వే, మధ్యలో ఫోన్‌లో ఆన్‌లైన్ నమోదు. రోజుకిన్ని ఇళ్ళు పూర్తి కావాలని పైనుంచి ఒత్తిడి. అలాంటప్పుడు పెరట్లో గంటన్నర కూర్చోవడానికి వాళ్ళకి తీరికెవరిస్తారు? ఆ గంటన్నర ఏ రిజిస్టర్‌లోనూ కనపడదు.

తీరిక, కాస్త శిక్షణ ఇస్తే వాళ్ళు చేయగలరని రుజువు మన దగ్గరే ఉంది. కొన్నేళ్ళ కిందట అప్పటి ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే పని చేశారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి ఇంటింటికీ పంపారు. వాళ్ళు అడిగి తెలుసుకున్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ ట్యాబ్‌లో కనిపించేది. ఆయన మందు రాశాక, వాడుతున్నారో లేదో చూడ్డానికి మళ్ళీ ఆశానే ఇంటికి వెళ్ళేది. అంతకు ముందు ఊళ్ళో నాటకం వేసి, వీడియోలు చూపించి, ఇది పిచ్చి కాదు, జబ్బేనని చెప్పారు. మొదట్లో గిరిజన గ్రామాల్లో కూడా చేశారు. ఇంత దగ్గర జరిగిన పని మన జిల్లాలో ఎంతమందికి గుర్తుంది?

జింబాబ్వేలో హరారే నగరంలో 2006 నుంచి డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు ఇదే పని బామ్మలతో చేయిస్తున్నాడు. వాళ్ళకి శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఒక బల్ల వేసి కూర్చోబెట్టాడు. మనకి బామ్మలకీ అరుగులకీ కొదవ లేదు. అయితే మన అరుగు మీద చెప్పిన మాట సాయంత్రానికి చెరువుగట్టు చేరుతుంది. చిబాండా బామ్మలు మొదట నేర్చుకున్నది వినడం. మా అరుగు మీద వాళ్ళకి అదొక్కటే రాదు.

ఇక ఐదు మార్కులు వచ్చాక జరిగింది. ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ చీటీ రాసి ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పంపింది. మొదటిసారి వెళ్తే మానసిక వైద్యుడు ఆ రోజు రారన్నారు. రెండోసారి వెళ్తే బదిలీ అయ్యారన్నారు. చివరికి యాభై కిలోమీటర్లు వెళ్ళి ప్రైవేటులో చూపించుకున్నాం. చెరువు అప్పు ఉన్న ఇల్లు ఇది, అయినా వెళ్ళగలిగాం. వెళ్ళలేనివాళ్ళ సంగతేంటి? జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే వచ్చింది, జిల్లాలకు 1996లో తెచ్చారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని కూడా. పన్నెండు రాష్ట్రాల్లో చేసిన ఆ సర్వేలో మన రెండు రాష్ట్రాలూ లేవు.

మందు మొదలుపెట్టిన వారం వికారం, ఇంకా నీరసం. "దీనికంటే అదే నయం" అంది. మూడు వారాలు దాటాక ఒక రోజు పొద్దున్నే లేచి ముగ్గేసింది. దసరాకి బాగైపోయిందని మాత్రలు తనంతట తనే మానేసింది, సంక్రాంతికి మళ్ళీ మొదటికొచ్చింది. బాగున్నా కనీసం ఆరు నెలలు ఆపకూడదని, ఆపేటప్పుడు కూడా మెల్లిగా తగ్గించాలని డాక్టరు మొదటే చెప్పాడు. మేం వినలేదు.

మందు కాక మా ఇంట్లో పనికొచ్చినవి చెబుతాను, గొప్ప కిటుకులేం కావు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు కాలువ గట్టు మీద నడక. నడుద్దాం రా అంటే రాదు, "మజ్జిగ తెచ్చుకుందాం" అంటే వచ్చేది. మధ్యాహ్నం పడక మానిపించాం, రాత్రి నిద్ర కోసం. సాయంత్రం నాలుగు దాటాక టీ లేదు. డ్వాక్రా గ్రూపు వాళ్ళు పలకరింపులకి రావడం మాని పనికి రావడం మొదలుపెట్టారు, ఈవిడింటి డాబా మీదే వడియాలు పెట్టారు. ఈవిడ పెట్టకపోయినా పక్కన కూర్చునేది. మరిది చెరువు పురుగుమందులు, బ్లీచింగ్ ఇంట్లోంచి తీసేసి చెరువు దగ్గర షెడ్డులో తాళం వేశాడు. ఎందుకని ఆవిడ అడగలేదు, మేం చెప్పలేదు. అది మాత్రం మాట్లాడి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని డాక్టరు చెప్పాడు.

అర్ధరాత్రి పక్కన ఎవరూ లేనివాళ్ళకి 14416 ఉంది, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ నంబరు. 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడతారు. మా ఇంట్లో ఆ నంబరు గ్యాస్ బుకింగ్ నంబరు పక్కన గోడ మీద రాసి ఉంది.

మీ పత్రికకీ ఒక మాట, కోపగించుకోకండి. ఆత్మహత్య వార్త రాసినప్పుడల్లా దాని కింద ఈ నంబరు వేయండి. "మార్కులు తక్కువొచ్చాయని", "అప్పుల బాధతో" అని ఒక్క ముక్కలో కారణం తేల్చేయకండి. ఇలాంటి వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లోనే చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే ముందు భావించాలి. ఆ మనిషికి వైద్యం, ఆసరా ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఇక "మతిస్థిమితం లేని మహిళ" అనే శీర్షిక. ఆ ముక్క చదివే మా తోడికోడలు ఏడాది పాటు డాక్టరు దగ్గరికి రానంది. "వైజాగ్ పంపిస్తారా నన్ను?" అని, అక్కడి మానసిక ఆసుపత్రిని తలుచుకుని అడిగేది.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వారిని అడిగేవి మూడు. ఏరియా ఆసుపత్రిలో నెలకి రెండు రోజులైనా, తారీఖు ముందే గోడ మీద రాసి, మానసిక వైద్యుణ్ణి కూర్చోబెట్టండి. రెండో నెల నుంచి ఆ మాత్రలు బీపీ మాత్రల్లాగే ఊళ్ళోనే దొరికేలా చూడండి. సర్వేలో ఆ రెండు ప్రశ్నలు విడిగా, ఒంటరిగా అడగడానికి ఆశాలకి సమయమూ, దానికి తగ్గ డబ్బూ ఇవ్వండి.

మా ఊళ్ళో తర్వాతి విడత సర్వే సంక్రాంతి వెళ్ళాక అంటున్నారు. ఫారంలో ఆ రెండు ప్రశ్నల తెలుగు మార్చడానికి మనుషులు కావాలంటే మా తోడికోడలు, ఆశా అమ్మాయి, నేను కూర్చుని రాసిస్తాం. టీ ఖర్చు కూడా మాదే, నాలుగు దాటకుండా పెట్టుకుంటే.

ఇట్లు
ఒక రిటైర్డ్ తెలుగు టీచర్,
అత్తిలి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా